మంగళవారం, శనివారం వచ్చే టిక్కు

ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్లకు ముందే ఒక మాట చెప్పాలి. మీరు వెళ్లేసరికి మిషన్ బాగానే ఉంటుంది. ఫోన్లో కొంపలంటుకున్నట్టు మాట్లాడినవాళ్లు, మీరు బ్యాగు దింపి ప్లగ్గు పెట్టేసరికి నీళ్లు నములుతారు. మిషన్ మాత్రం అత్తగారింటికి వచ్చిన కొత్తల్లుడిలా బుద్ధిగా పనిచేస్తుంటుంది. అప్పుడు వాళ్లను అబద్ధాలకోరులనుకోకండి. నేను ఉద్యోగంలో సగం కాలం అలా అనుకునే గడిపాను. దానివల్ల ఒక్క మిషనూ బాగుపడలేదు.

నా పని వైద్య పరికరాల సర్వీసు. గుండె, మెదడు, చెవి పరీక్షలు చేసే మిషన్లు చూసేవాణ్ని. వరంగల్ కేంద్రంగా అటు ములుగు దాకా, ఇటు నెక్కొండ దాకా నా పరిధి. మధ్యలో కొన్నేళ్లు కంపెనీవాళ్లు తూకం మిషన్లు కూడా అమ్మారు కాబట్టి అవీ చూశాను. రిపేరు చేసేవాడినని అందరూ అనుకునేవారు. నిజానికి రిపేరు చేసింది తక్కువే. మిషన్ తనంతట తాను చెడిపోవడం అరుదు. చుట్టుపక్కల కరెంటు దాని పని చెడగొట్టడమే ఎక్కువ. ఆ కరెంటు ఎక్కడినుంచి వస్తోందో వెతకడమే నా ఉద్యోగం.

మనిషి ఒంట్లో పుట్టే కరెంటు చాలా చిన్నది. దాన్ని పట్టుకోవాలంటే మిషన్ చెవులు రిక్కించుకుని కూర్చోవాలి. అలా రిక్కించిన చెవుల్లో పక్కింటి బోరు మోటారూ, ట్యూబులైటూ, వీధి చివరి వెల్డింగూ అన్నీ పడతాయి. పెళ్లిలో బ్యాండుమేళం పక్కన నిలబడి చెవిలో చెప్పే మాట వినడం లాంటిదే ఇది. మాట చెప్పేవాడిదీ తప్పు కాదు, వినేవాడిదీ కాదు. ముందు బ్యాండువాళ్లెక్కడున్నారో చూడాలి.

బాసులు

నా మొదటి బాసు రంగారావు గారు. రోజుకు పది మాటలు మాట్లాడితే అందులో సగం టీ గురించే ఉండేవి. నేను చేరిన వారంలో ఆయన ఒక చిన్న ట్రాన్సిస్టర్ రేడియో నా చేతిలో పెట్టారు. ఏ స్టేషనూ పలకని చోట ముల్లు పెట్టి, దాన్ని పట్టుకుని గదంతా తిరగమన్నారు. గాల్లో కరెంటు గోల ఎక్కడ ఉంటే అక్కడ రేడియో బరబరమంటుంది, దగ్గరికి వెళ్లేకొద్దీ పెద్దగా అరుస్తుంది. అంతకుమించి ఆయన నాకేమీ నేర్పలేదు. నేర్పాల్సింది కూడా పెద్దగా ఏమీ లేదని తర్వాత తెలిసింది.

ఆ రేడియోతోనే ఎనుమాముల మార్కెట్లో మిర్చి తూకం గొడవ తేల్చాను. రైతుల దగ్గర మిర్చి కొనే ఒక అడ్తిదారు తూకం మిషన్లో అంకెలు గంతులేస్తున్నాయి. బస్తా కదలకుండా కూర్చుంది, బరువు మాత్రం పెరుగుతోంది, తగ్గుతోంది. పెరిగినప్పుడు అడ్తిదారు, తగ్గినప్పుడు రైతు మోసమని అరుస్తున్నారు. మిర్చి ఘాటుకు తుమ్ముకుంటూ రేడియో పట్టుకుని నడిస్తే అది నన్ను గోడ అవతల ట్రాలీలకు వెల్డింగ్ చేసే షెడ్డుకు తీసుకుపోయింది. వెల్డరు బీడీ కోసం ఆగినప్పుడల్లా బస్తా న్యాయంగా తూగుతోంది. ఆ పూట నేను చేసిన రిపేరు, వెల్డరును మధ్యాహ్నం దాకా ఖాళీగా కూర్చోమని బతిమాలడం.

రంగారావు గారి తర్వాత వచ్చిన బాసుకు రేడియో మీద గురి లేదు. ఆయనకు తెలిసిన మందు ఒక్కటే, బోర్డు మార్చడం. నెక్కొండలో ఒక నర్సింగ్ హోములో గుండె పరీక్ష గీతలు రంపం పళ్లలా వస్తుంటే బోర్డు మార్పించారు. అవే పళ్లు మళ్లీ వచ్చాయి. ఇంకో బోర్డు మార్పించారు. చివరికి చూస్తే, రోగి పడుకునే ఇనుప మంచం కూలరుకు ఆనుకుని ఉంది. మంచం జరిపాను, పళ్లు పోయాయి. ఆయన మాత్రం రెండో బోర్డే పనిచేసిందని పైకి రాసి పంపారు. అలాంటి బాసు మీకూ దొరుకుతాడు. వాదించకండి, మంచం జరపండి.

చెవి గది

రిటైర్మెంటు దగ్గరపడ్డాక వచ్చిన కేసొకటి చెప్తాను. మిగతావన్నీ మరిచిపోయినా ఫరవాలేదు.

ములుగు వెళ్లే దారిలో, ఊరి అంచున, ఒక చెవి, ముక్కు, గొంతు ఆసుపత్రి ఉండేది. అక్కడ చిన్నపిల్లలకు చెవి పరీక్ష చేసే మిషన్ ఉంది. పిల్లలు వినపడిందో లేదో నోటితో చెప్పలేరు. అందుకని వాళ్లను నిద్రపుచ్చి, నుదుటి మీదా చెవుల వెనకా తీగలు అతికించి, చెవిలో టకటకమని శబ్దాలు వినిపిస్తారు. చెవి ఆ శబ్దాన్ని మెదడుకు చేరవేస్తే తెర మీది గీతలో చిన్న గుట్టలు లేస్తాయి. లేకపోతే గీత చదునుగా ఉంటుంది. ఆ గుట్టలు ఎంత చిన్నవంటే, గదిలో ఏ కొంచెం కరెంటు గోల ఉన్నా మిర్చి కుప్పలో ఆవగింజను వెతికినట్టే. గోల మరీ ఎక్కువైతే మిషన్ విసుగొచ్చి, కొలిచినదంతా తానే పారేస్తుంది.

అందుకే ఆ గదికి గోడల నిండా రాగి తీగల జాలీ కొట్టించారు. బయటి గోల జాలీకి తగిలి, ఒక తీగ గుండా భవనం వెనకున్న ఎర్తు గుంతలోకి పోవాలి. గుంతలో ఉప్పూ బొగ్గూ వేసి కడ్డీ పాతించింది మా కంపెనీయే. పని శుభ్రంగానే చేశారు.

పరీక్ష చేసే అమ్మాయి పేరు శ్రావణి. వేరే చోట ఉద్యోగం చేస్తూ మంగళవారం, శనివారం ఇక్కడికి వచ్చేది. కొన్ని వారాలుగా మిషన్ పనిచేయడం లేదని ఫోన్ చేసింది. మంగళవారం నేను నెక్కొండ వైపు తిరిగే రోజు కాబట్టి, నా వీలు చూసుకుని గురువారం వెళ్లాను. నా చెవుల వెనకే తీగలు అతికించుకుని చూశాను. గీత అద్దంలా వచ్చింది. తీగలు సరిగ్గా అతికించడం లేదని శ్రావణికి ఫోన్లో చెప్పాను. 

"సార్, మీరు గురువారం వచ్చి మంగళవారం సంగతి చెప్తాండ్రు" అంది.

 తర్వాతి మంగళవారం నెక్కొండ మానేసి అక్కడికే వెళ్లాను.

అభి

ఆ రోజు పరీక్షకు వచ్చిన పిల్లవాడు అభి. మూడేళ్లు నిండాయి, ఒక్క మాటా రాలేదు. తల్లి రజిత, తండ్రి ఇద్దరూ కొత్తవాడలో మరమగ్గాల షెడ్డులో పనిచేస్తారు. మరమగ్గాన్ని మనవాళ్లు సాంచ అంటారు. పరీక్షలో నిద్రపోవాలి కాబట్టి పిల్లవాణ్ని రాత్రంతా మేలుకోబెట్టి తీసుకురావాలి. పిల్లవాడు మేలుకోవాలంటే తల్లీ మేలుకోవాలి. అంతకు ముందు కూడా ఇలాగే వచ్చి, పరీక్ష చెడిపోయి, తిరిగి వెళ్లారు. రజిత కళ్లు ఎర్రగా ఉన్నాయి.

ఆసుపత్రి పెద్ద డాక్టరుగారికి ఓపిక అయిపోయింది. రెండు చెవులూ బొత్తిగా వినపడవని రాసిచ్చి, చెవి లోపల పరికరం పెట్టే ఆపరేషనుకు హైదరాబాదు పంపేద్దామన్నారు. ఆయన చెడ్డవాడని కాదు. ఇలాంటి పిల్లలకు ఏ సాయమైనా చిన్న వయసులోనే అందాలి, వయసు దాటితే మాట రావడం కష్టం. ఆ తొందర న్యాయమైనదే. కానీ ఆ రాతకింద సంతకం చేయాల్సింది శ్రావణి. గీతే రానప్పుడు వినపడదని ఎలా రాయడమని ఆ అమ్మాయి మొండికేసింది. పరీక్ష ఇవాళ కూడా కుదరకపోతే తానే సంతకం పెట్టి పంపిస్తానన్నారు డాక్టరుగారు.

రజితకు వీళ్లిద్దరి మాటా నచ్చలేదు. నన్ను పక్కకు పిలిచింది.

"సార్, వీనికి ఇనవడ్తది. కరెంటు పోయి సాంచలు ఆగినయంటే నిద్రల నుంచి దిగ్గున లేస్తడు. ఇనవడకుంటె ఎట్ల లేస్తడు? మిషన్ల నుక్సు ఉన్నది, వీని చెవులల్ల లేదు. జర మంచిగ చూడుండ్రి."

సాంచలు నడుస్తుంటే షెడ్డులో నేలంతా వణుకుతుంది. ఆగితే వణుకు ఆగుతుంది. ఆ తేడాకు చెవులు లేనివాడైనా లేస్తాడు. ఆ సంగతి నాకు తెలుసు. నేను చెప్పలేదు. మిషన్లో లోపం ఉందన్నంత వరకూ ఆమె మాట నిజమే కదా, అక్కడినుంచే మొదలుపెడదామనుకున్నాను.

వెతుకులాట

నిద్రమందు తాగి అభి నిద్రపోయాడు. శ్రావణి తీగలు అతికించింది. చాలా చక్కగా అతికించింది, నా గురువారం మాట నాకే గుర్తొచ్చి సిగ్గేసింది. తెర మీద గీత నడవగానే సెకనుకొక్కటి చొప్పున నిలువుగా ఒక గీత లేచి పడుతోంది. నా రేడియో పెట్టాను. టిక్కు. టిక్కు. టిక్కు. గోడ గడియారమంత నిదానంగా, దానికంటే నమ్మకంగా.

మోటార్లు బరబరమంటాయి. వెల్డింగ్ చిటపటమంటుంది. ఇంత పద్ధతిగా కొట్టుకునేది నాకెప్పుడూ తగల్లేదు. లిఫ్టు ఆపించాను. ఏసీలు ఆపించాను. మిషన్ ప్లగ్గు పీకి బ్యాటరీ మీద నడిపాను. టిక్కు పోలేదు. పక్కింటి వాళ్ల మోటారు మీద అనుమానంతో వాళ్లింటికి వెళ్లాను. వాళ్లు మర్యాదస్తులు, టీ ఇచ్చారు. మోటారు కాలిపోయి నెల అయిందని టీ తాగాక చెప్పారు.

మంగళవారం, శనివారం మాత్రమే ఈ ఆసుపత్రిలో జరిగేది ఏమిటని అందరినీ అడిగాను. ఏమీ లేదన్నారు డాక్టరుగారు. ఏమీ లేదంది రిసెప్షనులో అమ్మాయి. వాచ్‌మన్ కొమురయ్య మాత్రం డాక్టరుగారు చెప్పిందే ఖాయమన్నాడు. నిజంగా తెలియనివాడు తెలియదంటాడు, ఇంకొకరి మాటను ఖాయం చేయడు. అక్కడ నాకు కొంచెం అనుమానం వచ్చింది కానీ, దేని గురించో తెలియలేదు.

గాలి కోసం బయటికి వచ్చాను. వెనక ప్రహరీ దగ్గర రజిత అరటిపండ్ల గెలతో నిలబడి ఉంది. గోడ మీద అప్పటికే పెట్టిన పండ్లు ఎండకు నల్లబడుతున్నాయి. ఎవరి కోసమని అడిగాను.

"కోతులకు సార్. వీనికి మాటలొస్తె మంగళారం మంగళారం ఈ గోడ మీద పండ్లు పెడతనని ఆంజనేయసామికి మొక్కిన. రాకముందుకే షురూ చేసిన, సామి జర జల్ది సూస్తడని. మొదట్ల మందలు మందలు వచ్చేటియి. ఇప్పుడు ఒక్కటి సుత రాదు. పండ్లు గట్లనే ఉంటానయి." కొంగుతో ముఖం తుడుచుకుంది. "సామికి నా మొక్కు వద్దట్టున్నది సార్."

మన దగ్గర కోతులు ఒక చోటు మానేశాయంటే దానికి దేవుడి కోపం కారణం కాదు. కారణం ఎప్పుడూ మనిషే. నేను పండ్ల మీదినుంచి కళ్లెత్తి మేడ మీదికి చూశాను. పిట్టగోడ చుట్టూ సన్నటి తీగలు, తెల్లటి బిళ్లలు.

ఝట్కా మిషన్ మీలో చాలామంది చూసే ఉంటారు. అడవిపందులు రాకుండా పొలాల చుట్టూ కట్టే తీగకు పెడతారు. చంపదు, ముట్టుకుంటే ఝల్లుమనిపిస్తుంది. సెకనుకొకసారి. టిక్కు, టిక్కు.

ఎర్తు గుంత దగ్గరికి వెళ్లి మూత తీశాను. మా కడ్డీకి మా తీగతో పాటు ఇంకో కొత్త తీగ చుట్టి ఉంది. అది నీళ్ల పైపు వెనక దాక్కుంటూ మేడ మీదికి పోయింది. ఝట్కా మిషన్‌కూ ఎర్తు కావాలి. బిగించినవాడు కొత్త గుంత తీయడానికి బద్ధకించి, తయారుగా ఉన్న గుంతలో తన తీగ వేసుకున్నాడు. మేడ మీద కొట్టే ప్రతి దెబ్బా ఆ గుంత దాకా వచ్చి, అక్కడినుంచి మా తీగ పట్టుకుని తిన్నగా చెవి గదికి వెళ్తోంది. గోల రాకుండా కాపలా పెట్టిన రాగి జాలీయే గోలను లోపల పంచుతోంది. కంచే చేను మేయడమంటే ఇంత అచ్చంగా నేనెక్కడా చూడలేదు.

కొమురయ్యను పిలిచి గుంత చూపించాను. ఆయన చాలాసేపు గుంతను చూసి, తర్వాత తన చెప్పులను చూసుకుని, నెమ్మదిగా చెప్పాడు.

"మంగళారం, శనారం పేషంట్లల్ల మొక్కులోళ్లు గోడ మీద పండ్లు పెడ్తాండ్రని కోతులు ఎగబడేటియి సార్. ఓ ముసలమ్మ చేతిల మందుల సంచి గుంజుకపోయినయి. పెద్దసారు తీగ కట్టిచ్చిండు. ఆ రెండు దినాలే స్విచ్చి వేస్త. ఎవ్వలకు చెప్పద్దన్నడు. ఆంజనేయసామికి కరెంటు పెట్టిండ్రంటె పేషంట్లు వస్తరా?"

డాక్టరుగారి గదికి వెళ్లాను. ఆయన కుర్చీ వెనక ఆంజనేయస్వామి పటం, దానికి ఆ పొద్దుటి తమలపాకుల దండ ఉన్నాయి. ప్రతి మంగళవారం ఆయన అక్కడ దండం పెట్టుకున్నాకే కొమురయ్య మేడెక్కేవాడన్నమాట. నేను కోతుల ఊసెత్తకుండా ఎర్తు గుంత గురించి మాత్రమే చెప్పాను. ఆయనకు అర్థమైంది. పటం వైపు చూడలేదు, నా వైపూ చూడలేదు. బల్ల మీద పేపర్‌వెయిట్‌ను కాసేపు తిప్పారు.

"ఆపెయ్యమను" అన్నారు.

గీత

కొమురయ్య మేడెక్కి స్విచ్ తీశాడు. నా చేతిలో రేడియోలో టిక్కు ఆగిపోయింది. అభి ఇంకా నిద్రలోనే ఉన్నాడు. శ్రావణి గబగబా గదిలోకి వెళ్లింది. రజితను కూడా లోపలికి రమ్మన్నాం, చూడాల్సిన మనిషి ఆమే కదా.

గీత శుభ్రంగా వచ్చింది. ఇన్నేళ్ల ఉద్యోగంలో అంత శుభ్రమైన గీత నేను చూడలేదు. మామూలు మాటంత శబ్దం పెట్టారు. గీత చదునుగా ఉంది. ఇంకొంచెం పెంచారు. చదునే. రెండో చెవికి మార్చారు. చదునే. నా వృత్తి ప్రకారం అది విజయం. నేను రజిత ముఖం చూడలేకపోయాను.

ఇప్పుడు మిషన్‌లో నుక్సు లేదని ఆమెకు తెలుసు. అందుకు సాక్ష్యం నేనే. అంతకుముందు దాకా నింద వేయడానికి ఆమెకొక మిషన్ ఉండేది, నేను దాన్ని బాగుచేసి పెట్టాను. మిషన్ బాగైనందుకు బాధపడటం నాకు అదే మొదటిసారి. చాలా బాధపడ్డాను. తల్లి పిల్లవాడి పాదం పట్టుకుని నిలబడింది.

శ్రావణి ఆగలేదు. శబ్దం పెంచుకుంటూ పోయింది. మిషన్ ఇవ్వగలిగినంతకు దగ్గరగా వచ్చినప్పుడు, గీతలో ఒక చోట చిన్న గుట్ట లేచింది. చింతగింజంత కూడా లేదు. మళ్లీ అదే శబ్దం పెట్టింది. అదే చోట మళ్లీ లేచింది. రెండో చెవిలోనూ లేచింది. టిక్కు ఉండి ఉంటే అది గోలలో కలిసిపోయేది, మిషన్ దాన్ని పారేసేది.

శ్రావణి తెర మీద వేలు పెట్టి రజితకు చూపించింది. "అక్కా, మామూలు మాట ఇనవడదు. అది నిజం. కానీ చెవి పూర్తిగ పోలేదు. ఇదిగో, ఇక్కడ లేస్తాంది చూడు. ముందు చెవికి పెట్టుకునే మిషన్ పెట్టి చూద్దాం. ఆపరేషన్ ముచ్చట తర్వాత."

తల్లి వినపడుతుందంది. డాక్టరు వినపడదన్నారు. చింతగింజలో సగమంత గుట్ట ఇద్దరి మాటా కాదంది. డాక్టరుగారు వచ్చి, చాలాసేపు తెరను చూసి, రాయబోయిన మాట మానేసి శ్రావణి చెప్పినట్టే రాశారు. ఆ విషయంలో ఆయన్ను మెచ్చుకోవాలి. గదిలోంచి మేం బయటికి వచ్చేసరికి గోడ మీద పండ్లు లేవు, తొక్కలున్నాయి. కోతులకు ఎవరు కబురు చెప్పారో తెలియదు. రజిత ఆ తొక్కలను చూసి అప్పుడు ఏడ్చింది. ఆమెను ఏడవనిచ్చాం.

ఝట్కా తీగను తర్వాత వేరే గుంతకు మార్పించాను. పరీక్షలున్నంతసేపు స్విచ్ వేయకూడదని ఒప్పించాను. నేను సర్వీసు రిపోర్టులో ఎర్తు లోపం సరిచేయబడింది అని రాశాను. కోతుల ప్రస్తావన తేలేదు. అడిగినా ఆ బాసు నమ్మడు, బోర్డు మార్చమంటాడు.

మీకు చెప్పేది

రేడియో ఎవరైనా కొనుక్కోవచ్చు. అది గోల ఎక్కడుందో చెప్తుంది. ఎందుకుందో చెప్పదు. అది మనుషులు చెప్పాలి, వాళ్లేమో తమకు తెలిసింది కాకుండా మీకు పనికొస్తుందనుకున్నది మాత్రమే చెప్తారు. ఆ ఆసుపత్రిలో అందరూ కరెంటు గురించి మాట్లాడారు, ఏమీ తేలలేదు. కోతుల గురించి మాట్లాడిన మనిషి దారి చూపింది, అదీ తన బాధ చెప్పుకుంటూ. కాబట్టి మెట్ల మీద కూర్చున్నవాళ్ల దగ్గర కాసేపు కూర్చోండి. టీ ఇస్తే తాగండి. గురువారం వెళ్లి మంగళవారం గురించి తీర్పు చెప్పకండి.

రిటైరయ్యాక ఒకసారి కొత్తవాడలో దుప్పట్లు కొనడానికి వెళ్తే, సందులో రజిత నన్ను గుర్తుపట్టి ఆపింది. పక్కన అభి ఉన్నాడు, రెండు చెవులకూ చెవి మిషన్లు. నన్ను చూసి ఏదో అన్నాడు. మాట ఇంకా ముద్దగానే ఉంది, కానీ మాటే. బాగున్నారా అంటే, రజిత బాగోగులు పక్కన పెట్టి ఫిర్యాదు మొదలుపెట్టింది.

"ఏం బాగు సార్. ఇంతకుముందు సాంచ పక్కపొంటి కూసోని ఆడుకునేటోడు, నా పని నేను చేసుకునేదాన్ని. ఇప్పుడు సాంచ షురూ అయితె చాలు, రెండు చెవులు మూసుకోని బజార్లకు ఉరుకుతాండు. వాని ఎంబడి నేను ఉరుకుడే అయితాంది. మీరు మిషన్లోళ్లు కదా, జర ఆ ఆవాజు తగ్గియ్యరాదుండ్రి."

అప్పుడే షెడ్డులో ఎవరో సాంచ వేశారు. అభి గబుక్కున చెవులు మూసుకుని, ముఖం చిట్లించి, సందు చివరికి పరుగెత్తాడు.  నేనిప్పుడు రిటైరయ్యానని, ఆ పని నాకు రాదని రజితకు చెప్పాను. ఇన్నేళ్లలో గోల మీద నాకు వచ్చిన ఫిర్యాదుల్లో, నేను చేయి కూడా పెట్టకుండా వదిలేసింది అదొక్కటే.